కప్ప సైకిలు తొక్కింది, శీనుగా!

ఒరేయ్ శీనుగా,

దొరికిందిరా! మీ మేడ మీద గదిలో మనిద్దరం వెనక్కి తిప్పి తిప్పి చూసిన ఆ కప్ప ట్రైలరు దొరికింది. రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము మూడు. అందుకే ఈ ఉత్తరం.

నీకు గుర్తుండే ఉంటుంది. 1986 వేసవి, హన్మకొండ. మా బాబాయి లండన్ నుంచి వస్తూ పిల్లల సినిమా క్యాసెట్టు ఒకటి తెచ్చాడు. వీసీఆర్ అద్దెకు తెచ్చుకున్నాం. అసలు సినిమా ఏమిటో ఇప్పుడు నాకు గుర్తే లేదు. దాని ముందు వచ్చిన రెండున్నర నిమిషాల ట్రైలరు మాత్రం ప్రతి ముక్కా గుర్తుంది. చెరువులో దుంగ మీద కూర్చుని బాంజో వాయించే ఆకుపచ్చ కప్ప, కారు నడిపే ఎలుగుబంటి, జుట్టు ఎగరేసే పంది. ఆ తర్వాత కప్ప సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోతుంది. కాళ్ళతో సహా, నిండుగా, రోడ్డు మీద!

అక్కడే కదా మన గొడవ మొదలైంది. కప్ప వేషం వేసుకున్న చిన్న పిల్లాడెవడో తొక్కుతున్నాడని నేను. కాదు, పైన తాళ్ళున్నాయని నువ్వు. జనగామ వైపు మీ అమ్మమ్మగారి ఊళ్ళో కొయ్యబొమ్మలాట చూసి వచ్చావు కదా, అదే నీ సాక్ష్యం. రెండు గ్లాసుల చెరుకు రసం పందెం. తేలకముందే వానాకాలం వచ్చి టేపుకి బూజు పట్టింది.

ఆ ట్రైలరు 'ది మపెట్ మూవీ' అనే బొమ్మలాట సినిమాది. 1979లో వచ్చింది. పెద్దయ్యాక ఎన్నోసార్లు చూశాను. కానీ మన ట్రైలరు, ఆ ముక్కల వరుస, ఆ గొంతు మళ్ళీ ఎక్కడా తగల్లేదు. ఇక్కడ ఆదివారం పొద్దున్నే మైదానంలో కార్లు ఆపి, డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్ముతారు. మొన్న ఒక పెద్దాయన దగ్గర తుప్పు పట్టిన రేకు డబ్బాలు నాలుగు కనిపించాయి. ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటరుగా చేశాడట. ఒక డబ్బా మీద టేపు ముక్క అంటించి, పెన్సిలుతో 'మపెట్' అని రాసి ఉంది. నా చేతులు వణికాయిరా.

35 ఎంఎం ఫిల్ము. మూత తీసి ముందు వాసన చూశాను. పాత ఫిల్ము పాడైతే వెనిగర్ కంపు కొడుతుంది, అది మొదలైతే ఇక ఆగదు. ఆ వాసన లేదు! చుట్ట మొత్తం చిన్న టిఫిన్ ప్లేటంత ఉంది. సెకనుకి 24 బొమ్మలు, అడుగుకి 16. రెండున్నర నిమిషాలకి 225 అడుగులు కావాలి. సరిగ్గా అంతే ఉన్నట్టుంది.

కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని భూతద్దం పెట్టి చూశాను. ఒకవైపు అంచు పొడవునా శబ్దం సన్నటి అలల గీతలా పోతోంది. పక్కన మన కప్ప. కానీ ఆకుపచ్చ లేదురా. ఎండుమిరపకాయ రంగు! చెరువు గులాబీ రంగు, ఆకులు గులాబీ రంగు. ఆ రోజుల్లో కలర్ ప్రింట్లలో మూడు రంగుల పొరలు ఉండేవి. అందులో నీలం వైపుది ముందు వెలిసిపోతుంది, చివరికి ఎరుపు ఒక్కటే మిగులుతుంది. అలా ఎర్రబడిపోయిన కప్పని చూస్తే, చిన్నప్పటి స్నేహితుడు జబ్బు చేసి మంచాన ఉంటే చూసినట్టు అనిపించింది.

పాత ట్రైలర్లు అంత తేలిగ్గా దొరకవురా. ట్రైలరు పని సినిమా విడుదలతో అయిపోయేది. హాలువాళ్ళు వెనక్కి పంపేయాలి, లేదంటే చెత్తలో పడేసేవాళ్ళు. ఈ పెద్దాయన మాత్రం మనవడి కోసం దాచుకున్నాడట. ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక అసలు సంగతి. పందెం నువ్వే గెలిచావు.

కప్ప చేతులు హ్యాండిల్‌కి, కాళ్ళు పెడళ్ళకి కట్టేశారు. కెమెరాకి కనపడనంత ఎత్తులో క్రేను పెట్టి, దాని నుంచి సన్నటి తాళ్ళతో సైకిల్ని పట్టుకుని ముందుకు నడిపించారు. సైకిలు కదిలితే పెడళ్ళు తిరుగుతాయి, వాటితో పాటు కాళ్ళూ తిరుగుతాయి. అచ్చం నువ్వు చెప్పినట్టే! అప్పటిదాకా ఈ బొమ్మలు చేతికి తొడుక్కుని ఆడించేవి, ఎక్కువగా నడుము పైన మాత్రమే కనిపించేవి. అందుకే ఆ ఒక్క ముక్కకి జనం నోళ్ళు తెరిచారు.

దుంగ మీద పాట సంగతి ఇంకా గొప్పది. కప్పని ఆడించిన జిమ్ హెన్సన్ పొడుగాటి మనిషి. ఇనప డబ్బాలో ముడుచుకుని కూర్చుంటే, ఆ డబ్బాని నీళ్ళ అడుగుకి దించారు. గాలికి ఒక గొట్టం, చూసుకోడానికి చిన్న టీవీ, పైకి రబ్బరు తొడుగులోంచి ఒక చెయ్యి. ఆ ఒక్క పాటకి ఐదు రోజులు పట్టింది. మనం చూసిన ఆ కప్ప తల వాలు, బాంజో మీద చూపు, అదంతా నీళ్ళ కింద నుంచి ఒక మనిషి పోసిన ప్రాణం.

ఈ సినిమాని ఎడ్గర్ బెర్గెన్‌కి అంకితం ఇచ్చారు. పక్కన కొయ్యబొమ్మని కూర్చోబెట్టుకుని, అదే మాట్లాడుతున్నట్టు దానికి గొంతునిచ్చిన పెద్ద కళాకారుడు. ఇందులో బొమ్మతో సహా కనిపిస్తాడు. విడుదలకి ముందే, 1978లో పోయాడు. బొమ్మలాడించేవాడు ముందుతరం బొమ్మలాడించేవాడికి పెట్టిన దణ్ణం అది. చూసినప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి.

వచ్చే వారం ఫిల్ముని స్కాన్ చేయిస్తున్నాను. వెలిసిన రంగుని కంప్యూటర్లో చాలావరకు వెనక్కి తేవచ్చునట. ఫోన్లో పంపను, ఏమీ అనుకోకు. డిసెంబర్లో వస్తాను కదా, అప్పుడు మీ మేడ మీద గోడకి దుప్పటి కట్టి చూద్దాం. చెరుకు రసం నాదే.

నువ్వు ఈలోపు ఒక పని చెయ్యి. అమ్మమ్మగారి ఊళ్ళో కొయ్యబొమ్మలు ఆడించిన తాత ఉండేవాడు కదా, ఆయన కొడుకులు, మనవళ్ళు ఎవరైనా ఇంకా ఆడుతున్నారేమో కనుక్కో. ఉంటే వాళ్ళనీ పిలుద్దాం. ఆ సైకిలు ముక్క వాళ్ళకి చూపించి, దాన్ని ఆడించడానికి ఎన్ని తాళ్ళు కావాలో అడగాలని ఉంది.

నీ
రాము