దూది మంచు ప్రాజెక్టులు మన పిల్లలకెందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారం. గోపాలపట్నంలో చిన్న స్టేషనరీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. క్రిస్మస్ వేడుకలు అయ్యాయో లేదో, ప్రైవేటు స్కూళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సంక్రాంతి సెలవుల ప్రాజెక్టుల లిస్టులు దిగిపోతాయి. ఫోన్లో ఆ లిస్టు చూపిస్తూ తల్లిదండ్రులు మా కౌంటరు ముందు నిలబడతారు. చార్టులు, థర్మకోల్ షీట్లు, గ్లిట్టర్ గమ్ము, కలర్ ప్రింట్లు, ఆఖర్న స్పైరల్ బైండింగు. వీటి మీద నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. అయినా సరే, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఈ సెలవుల ప్రాజెక్టులు పూర్తిగా ఎత్తెయ్యాలన్నది నా మాట. జిల్లా విద్యాశాఖ వారు సెలవులకు ముందే ఈ విషయం స్కూళ్లకు గట్టిగా చెప్పాలి.

నిరుడు మూడో తరగతి లిస్టు ఒకటి నేనే ప్రింటు తీసి ఇచ్చాను. ‘వింటర్ సీజన్’ మోడల్ అట: థర్మకోల్‌తో ఇగ్లూ, దూదితో మంచుమనిషి. ‘మై ఫ్యామిలీ’ ఆల్బమ్ అట: అమ్మకు వంటింట్లో సాయం చేస్తున్న ఫొటో ఒకటి, నాన్నతో మొక్క నాటుతున్న ఫొటో ఒకటి, అన్నీ కలర్‌లోనే ఉండాలి. చివరిది అన్నిటికన్నా గొప్పది. నాయనమ్మనో తాతయ్యనో ఇంటర్వ్యూ చేసి, రెండు నిమిషాల వీడియో తీసి గ్రూపులో పెట్టాలి, అదీ ఇంగ్లిష్‌లో. బొబ్బిలి దగ్గర పల్లెలో ఉండే నాయనమ్మ మనవరాలితో ఇంగ్లిష్‌లో ఏం మాట్లాడుతుందండీ? ఆ పిల్ల తల్లి నా షాపులోనే నిలబడి ప్రశ్నలూ జవాబులూ రెండూ రాయించుకుంది. నాయనమ్మ తల ఊపితే చాలట, జవాబులు వెనక నుంచి తనే చెబుతుందట.

స్కూళ్లు తెరిచే ముందురోజు రాత్రి మా షాపుకు రండి, ఇంకా బాగా అర్థమవుతుంది. ఊళ్ల నుంచి బస్సులు దిగినవాళ్లు దిగినట్టే వస్తారు. ఒకాయన పాలకొండ నుంచి వచ్చాడు. ఒక చేతిలో అరిసెల డబ్బా ఉన్న సంచి, భుజం మీద నిద్రపోతున్న పాప. పాప అరచేతుల్లో గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. “బాబాయ్, రెడీమేడ్ ఇగ్లూ ఉందా? రేపు పొద్దున్నే ఇచ్చెయ్యాలంట” అన్నాడు. లేదంటే థర్మకోల్ కొన్నాడు. “మంచుమనిషికి ముక్కు క్యారెట్‌తో పెట్టమన్నారు, ఎర్ర స్కెచ్ పెన్ను గీస్తే సరిపోద్దా?” అని అడిగాడు. తెల్లారితే ఆయనకు ఫస్ట్ షిఫ్ట్. ఆ ఇగ్లూ ఎవరు కట్టి ఉంటారో, ఎన్ని గంటలకు కట్టి ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. దానికి వచ్చే ‘స్టార్’ మాత్రం పాప పుస్తకంలో పడుతుంది.

ఇంతకీ విశాఖపట్నంలో మంచుమనిషేంటి? మన చలికాలం అలా ఉండదే! లంబసింగిలో పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుంది, అరకులో మబ్బు రోడ్డు మీదికి దిగి వస్తుంది, పిల్లలకు చూపించాలంటే అవి ఉన్నాయి. ఊళ్లోనే ఉండిపోయినా చూడ్డానికి బోలెడుంది. ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తాయి. రాత్రిపూట ఇసుక తవ్వి, ఒక్కో తాబేలు వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతుంది. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి, బీచ్‌లో కంచె కట్టిన హేచరీల్లో పాతిపెడతారు. నెలన్నర, రెండు నెలలకు తాబేలు పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదులుతారు. వలల్లో చిక్కి చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకురావడం కూడా ఈ రోజుల్లోనే కనిపిస్తుంది. అది చూసిన పిల్ల అడిగే ప్రశ్నలకు ఏ వర్క్‌షీటూ సరిపోదు. కొండకర్ల ఆవ చెరువుకు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వలస పక్షులు వచ్చేదీ ఇప్పుడే. పండక్కి టెక్కలి వైపు వెళ్లే కుటుంబాలకు తేలినీలాపురం దారిలోనే తగులుతుంది. పక్షులు కాకపోతే ధనుర్మాసం ఉంది. హరిదాసు, గంగిరెద్దు, ఇంటిముందు ముగ్గు, భోగి పిడకలు, రేగుపళ్లు, తేగలు. పిడకల దండలు ఇప్పుడు బజార్లో కట్టి అమ్ముతున్నారనుకోండి, అయినా మంటలో వేసేది పిల్లలే కదా. ఇన్ని వదిలేసి దూది అంటించమంటున్నాం. ఆ బొమ్మ ఏ దేశపు పుస్తకంలోంచి దిగిందో గానీ, మన పిల్ల కిటికీలోంచి చూస్తే కనిపించేది మాత్రం కాదు.

ఇది నా సొంత పైత్యం అనుకోవద్దు. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో తరగతి వరకు హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదో తరగతి వరకు వారానికి రెండు గంటలు మించకూడదంది. నిన్న సాయంత్రం ఏం ఆడారు, ఏం తిన్నారు అని తరగతిలో పిల్లల చేత మాట్లాడిస్తే చాలంది. అంతకుముందు 2018లో మద్రాసు హైకోర్టు కూడా ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఇవ్వొద్దని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం లెక్క చూసినా, ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. పండగ పది రోజులు ఆ లెక్కకు బయటివి. ఆ రోజుల్లో కూడా పని చెప్పడానికి స్కూలు పిల్లలకు అప్పేమీ ఇవ్వలేదు.

దీనికి స్కూళ్లు చెప్పే సమాధానం నాకు తెలుసు. “పేరెంట్సే అడుగుతున్నారు, ఏదైనా పని ఇవ్వకపోతే పిల్లలు రోజంతా ఫోన్ వదలడం లేదట” అంటారు. అందులో నిజం ఉంది. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో పది రోజులు ఆరేళ్ల పిల్లాణ్ని ఎవరు చూసుకోవాలన్నది పెద్ద టెన్షనే. కానీ ప్రాజెక్టు వచ్చినా ఫోన్ తగ్గడం లేదు. గూగుల్‌లో బొమ్మ వెతకాలన్నా ఫోనే, వీడియో తియ్యాలన్నా ఫోనే, గ్రూపులో పెట్టాలన్నా ఫోనే. పైగా ఎవరి ఆల్బమ్ బాగుందో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. డాబా మీద దిగిన ఫొటోలూ రిసార్టులో దిగిన ఫొటోలూ ఒకే చోట పడితే పిల్లలు ఏం నేర్చుకుంటారో టీచర్లే చెప్పాలి. టీచర్లనూ పూర్తిగా అనలేం. మా షాపుకు వచ్చే ఒక టీచరమ్మ “అవి దిద్దడానికి మాకు మాత్రం ఓపికెక్కడిది, మేనేజ్‌మెంట్ ఫొటోలు కావాలంటుంది, అంతే” అంది. దిద్దాక ఆ మోడళ్లు కొన్నాళ్లు గోడ పక్కన ఉంటాయి, తర్వాత చెత్తబండి ఎక్కుతాయి. థర్మకోల్ మట్టిలో కలవదని అదే పిల్లలకు పర్యావరణం పాఠంలో చెబుతారు!

కుటుంబాలను బడిలోకి తేవాలనుకుంటే దానికి వేరే దారి ఉంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడులాగుడు ఆటలు కూడా పెట్టారు. అందులో ప్రచారం పాళ్లు ఎంతన్నది అలా ఉంచండి, తల్లిదండ్రులు బడికి వచ్చి, పిల్లల ముందు ఆడి, టీచరుతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లారు. ఇంటికి ఏ పనీ మోసుకెళ్లలేదు. ప్రైవేటు స్కూళ్లు కూడా సెలవులు ఇచ్చేముందు ఒక పూట ఇలాంటిది చెయ్యొచ్చు. సెలవులయ్యాక మొదటి రోజు పుస్తకాలు తియ్యకుండా, ఎవరు ఏ ఊరెళ్లారు, అక్కడ ఏం చూశారు అని తెలుగులోనే చెప్పించొచ్చు. శనివారాల్లో ‘నో బ్యాగ్ డే’ అంటున్న రాష్ట్రంలో అదేమంత కష్టం కాదు.

ఊరే లేని పిల్లల సంగతి కూడా కాస్త చూడాలి. మా వీధిలో ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలున్నారు. పండగ పది రోజులూ వాళ్లు గదిలోనే. సర్కారు బడికి వెళ్లే పిల్లలకు డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనం, అందులో వచ్చే గుడ్డు, చిక్కీ కూడా ఆ రోజుల్లో ఉండవు. కనీసం వార్డుకు ఒక బడి ఆవరణ అయినా రోజుకు కొన్ని గంటలు తెరిచి, ఆడుకోనిచ్చి, మధ్యాహ్నం ఒక పూట అన్నం పెట్టే ఏర్పాటు జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ), విద్యాశాఖ కలిసి చెయ్యలేవా?

ఇంకో చిన్న కోరిక. బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్, దాని ఎదురుగా టీయూ-142 విమానం, విశాఖ మ్యూజియం, ఎండాడ దగ్గర జూ, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం, ఇన్ని ఉన్న ఊరు మనది. పండగ రోజుల్లో వీటిలో ఏది తెరిచి ఉంటుందో, ఏది మూసి ఉంటుందో మాలాంటివాళ్లకు తెలిసే దారి లేదు. జూకు మామూలుగానే సోమవారం సెలవు. రెండు బస్సులు మారి, పిల్లల్ని వెంటేసుకుని వెళ్లి గేటు మూసి ఉంటే ఆ రోజు పోయినట్టే. సెలవుల్లో పదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేకుండా చేస్తే మరీ మంచిది, అది కుదరకపోతే వేళలైనా ముందుగా ప్రకటించాలి. ఆయా శాఖల నుంచి ఆ వేళలు తెప్పించి, భోగికి రెండు మూడు రోజుల ముందు మీ విశాఖ పేజీలో ఒక పెట్టె కట్టి వేస్తే, దాన్ని కత్తిరించి మా షాపు అద్దానికి అంటిస్తాను.

ఇట్లు,
ఒక స్టేషనరీ షాపు యజమాని,
గోపాలపట్నం, విశాఖపట్నం