విషయం: ఆదివారం మాత్రను రోజూ వేయించిన మీ వార్డు గురించి ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

కావలి నుంచి రాస్తున్నాను. మా అమ్మకు 64 ఏళ్లు. యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో చలిజ్వరం వస్తే నెల్లూరులోని మీ హాస్పిటల్‌లో చేర్చాం. ఆరు రోజుల్లో జ్వరం తగ్గించి పంపారు. ఆ వైద్యం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఒక చిన్న పసుపు మాత్ర గురించి.

అమ్మకు తొమ్మిదేళ్లుగా కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ 10 మిల్లీగ్రాములు వారానికి ఒక్కసారే, ఆదివారం రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటుంది. మా ఇంట్లో దాని పేరే ఆదివారం మాత్ర. చేర్చేటప్పుడు పాత చీటీ, మందుల డబ్బా రెండూ ఇచ్చాను. డ్యూటీ డాక్టర్ గారు హడావిడిలో కేస్ షీట్‌లోకి ఎక్కించేటప్పుడు వారానికి ఒకటి కాస్తా రోజుకు ఒకటి అయింది.

రెండో రోజు రాత్రి నర్సు మాత్ర చేతిలో పెడితే అమ్మ అడిగింది, "ఇవాళ బుధవారం కదమ్మా, ఇది ఆదివారం మాత్ర" అని. ఆ అమ్మాయి షీట్ మళ్లీ చూసి, "రోజూ అనే ఉంది పెద్దమ్మా, డాక్టర్ గారు మార్చి ఉంటారు" అంది. పెద్ద హాస్పిటల్, మనకేం తెలుసు అని నేనూ ఊరుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

డిశ్చార్జ్ సమ్మరీలోనూ అదే తప్పు దిగింది. వార్డులో ఐదు, ఇంట్లో నాలుగు, మొత్తం తొమ్మిది రాత్రులు తొమ్మిది మాత్రలు మింగింది. ఆ మర్నాడు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. మజ్జిగ కూడా మండుతోందంది. టార్చ్ వేసి చూస్తే పెదవి లోపల, నాలుక అంచుల్లో తెల్లగా పుండ్లు. మా వీధిలో ఫార్మ్-డీ (మందుల వాడకం మీద డాక్టరేట్ కోర్సు) ఐదో ఏడు చదువుతున్న అమ్మాయి పలకరించడానికి వచ్చి, స్ట్రిప్పూ సమ్మరీ పక్కపక్కన పెట్టి చూసింది. "అక్కా, ఇది వారానికి ఒకటే. ఇంక వెయ్యొద్దు, ఇప్పుడే రక్తపరీక్షకు పదండి" అంది. తెల్లరక్తకణాలు 1,700కు పడిపోయాయి. వేరే హాస్పిటల్‌లో ఈ మాత్రకు విరుగుడైన ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లతో పన్నెండు రోజులు ఉంచితే బతికి బయటపడింది.

ఇంకో మాట. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే. చేరిన రోజు అమ్మ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6 అని, అంటే ఉండాల్సినదానికన్నా ఎక్కువని, మీ ల్యాబ్ రిపోర్టులోనే ఉంది. అంటే వారానికి ఒకటి వేయాలన్నా ముందు ఆలోచించాల్సిన పరిస్థితి. ఆ రిపోర్టూ, ఆ మందుల షీటూ ఒకే ఫైల్‌లో ఆరు రోజులు ఉన్నాయి. రెండూ కలిపి చదవడమే పనిగా ఉన్న మనిషి మీ వార్డులో లేడు.

ఆ మనిషే క్లినికల్ ఫార్మసిస్ట్. పేషెంట్ చేరగానే ఇంట్లో వాడే మందులేమిటి, ఎప్పుడెప్పుడు, ఎంతెంత అని మంచం దగ్గర కూర్చుని అడిగి, కేస్ షీట్‌తో సరిచూడటం ఆయన మొదటి పని. అమ్మ బుధవారం అడిగిన ప్రశ్న ఆయన చెవిన పడి ఉంటే అక్కడే ఆగిపోయేది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఐసీయూలో రౌండ్స్‌కి ఫార్మసిస్ట్‌ను వెంట తిప్పితే, మందులు రాయడంలో తప్పుల వల్ల జరిగే నివారించదగ్గ హాని వెయ్యి పేషెంట్-రోజులకు (ఒక పేషెంట్ ఒక రోజు ఉంటే ఒకటి) 10.4 నుంచి 3.5కు తగ్గిందని 1999లోనే ప్రచురించారు. మన దేశంలో ఫార్మ్-డీ కోర్సు 2008లో మొదలైంది. ఐదేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మనుషులు లేరని మీరు అనలేరు. డిశ్చార్జ్ రోజు మీ కింది ఫార్మసీలో నాకు మందులిచ్చిన అబ్బాయి ఫార్మ్-డీనే. ఆరేళ్లు చదివినవాడిని స్ట్రిప్పులు స్కాన్ చేసి బిల్లు కొట్టడానికి కూర్చోబెట్టారు.

నా మొదటి మెయిల్‌కు మీ ఆఫీసు నుంచి వచ్చిన జవాబులో సంబంధిత సిబ్బందిని హెచ్చరించామనీ, వచ్చేసారి ఓపీ ఫీజు మాఫీ చేస్తామనీ రాశారు. నాకు ఆ మాఫీ వద్దు. ఆ నర్సును మందలించడమూ వద్దు. ఆ రాత్రి ఆమె చేతి కింద పద్నాలుగు మంచాలు ఉన్నాయి, నేను లెక్కపెట్టాను. ఆమె షీట్‌లో ఉన్నదే ఇచ్చింది.

నేను అడిగేది ఇది. ఆ వార్డుతో మొదలుపెట్టి ప్రతి వార్డుకూ క్లినికల్ ఫార్మసిస్ట్‌ను వేయండి, డాక్టర్ల రౌండ్స్‌లో ఆయన ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీ ఆయన చూసి సంతకం పెట్టాకే పేషెంట్ చేతికి ఇవ్వండి. మెథోట్రెక్సేట్ లాంటి వారానికోసారి మందుల పక్కన వారంలో ఏ రోజు వేసుకోవాలో తెలుగులో రాయించండి. ఎప్పటిలోగా చేస్తారో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. అమ్మ కేస్ షీట్ పూర్తి నకలు కూడా పంపండి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ పేషెంట్ కూతురు,
కావలి