లిచ్‌ఫీల్డ్ చూసి వచ్చాక అన్నయ్యకు

బర్మింగ్‌హామ్,
ఆదివారం.

పూజ్యులైన అన్నయ్యకు తమ్ముడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. వదిన గారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని విని సంతోషించాము. ఫోనులో చెప్పబోయి రెండుసార్లు మానుకున్న సంగతి ఒకటి ఉండబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన శనివారం ఇక్కడికి దగ్గరలోనే ఉన్న లిచ్‌ఫీల్డ్ పెద్ద చర్చికి వెళ్లాము. మూడు గోపురాల పాత కట్టడం. లోపల ఒక స్మారకం మీద మన ఢిల్లీ పాదుషా బహదూర్ షా జఫర్ ఒక ఇంగ్లీషు అధికారికి లొంగిపోతున్న దృశ్యం రాతిలో చెక్కి ఉంది. ఇంత దూరం వచ్చి ఆ ముసలాయనను అక్కడ చూస్తానని నేను అనుకోలేదు. ఆ అధికారి మేజర్ విలియం హాడ్సన్. తండ్రి ఈ ప్రాంతంలోనే ఆర్చ్‌డీకన్ పదవిలో ఉన్న మతాచార్యుడు. సోదరుడు జార్జి కూడా కేంబ్రిడ్జిలో చదివి పాదిరీ అయ్యాడు. విలియం అదే కేంబ్రిడ్జిలో చదివినా, తలనొప్పుల వల్ల పుస్తకాల జీవితం పడదని 1845లో కంపెనీ సైన్యంలో చేరి మన దేశానికి వచ్చాడు.

అక్కడి నుంచి పన్నెండేళ్లు ఇంటికి ఉత్తరాలు రాశాడు. సూయజ్ కాలువ ఇంకా తవ్వని రోజులు కనుక అవి ఓడ దిగి, ఈజిప్టు ఎడారి దాటి, మళ్లీ ఓడ ఎక్కి రావలసిందే. సిక్కు యుద్ధాలు, పంజాబు సరిహద్దు, 1857లో ఢిల్లీ ముట్టడి, అన్నీ వాటిలో ఉన్నాయి. 1858 మార్చిలో లక్నో బేగం కోఠీలో గుండు తగిలి మరునాడు చనిపోయాడు. మరుసటి సంవత్సరమే జార్జి ఆ ఉత్తరాల నుంచి భాగాలు ఏరి పుస్తకంగా అచ్చు వేయించాడు.

లైబ్రరీ నుంచి తెచ్చుకుని ఆ పుస్తకం చదివాను. అన్నయ్యా, నన్ను పట్టుకున్నది యుద్ధం కాదు, జార్జి పని. విలియం నడిపిన గైడ్స్ అనే సైనిక దళం డబ్బు లెక్కల్లో తేడాలున్నాయన్న ఆరోపణ మీద 1855లో అతని కమాండు పోయింది. ఆ లెక్కలు తర్వాత రేనెల్ టేలర్ అనే అధికారి తనిఖీ చేసి అనుకూలంగా రాసిచ్చాడు కనుక, జార్జి ఆ నివేదికనే పట్టుకుని వాదించాడు. పాతికేళ్ల తర్వాత, ఒకప్పుడు పంజాబును పాలించిన లారెన్స్ ప్రభువు జీవితచరిత్రలో ఆ నిందలు మళ్లీ పైకి వస్తే, అప్పటికి ఎన్‌ఫీల్డ్ చర్చి పాదిరీగా ఉన్న ఆయన 1883లో పుస్తకాన్ని మళ్లీ వేసి మళ్లీ జవాబు చెప్పాడు. సోదరుడి పేరు మీద మచ్చ పడకూడదన్న ఆరాటం పేజీ పేజీకీ తెలుస్తుంది.

మరి హుమాయూన్ సమాధి సంగతి? ప్రాణానికి హామీ ఇచ్చి పాదుషాను పట్టుకున్న మరునాడు, హాడ్సన్ అక్కడి నుంచే ఇద్దరు షాజాదాలను, ఒక మనవడిని ఎడ్లబండిలో తెస్తూ, ఢిల్లీ గేటు దగ్గర దింపించి, పై బట్టలు విప్పించి, ఒక గుర్రపు సిపాయి చేతిలోని తుపాకీ అందుకుని తానే ముగ్గురినీ కాల్చాడు. శవాలను చాందినీ చౌక్ కొత్వాలీ ముందు పడేశారు. మూగిన జనం వాళ్లను విడిపిస్తారేమోనని అలా చేశానని సమర్థించుకున్నాడు. తాను క్రూరుణ్ణి కానని, అయినా ఆ అవకాశం దొరికినందుకు సంతోషించానని ఇంటికి రాశాడు. జార్జి ఆ వాక్యాన్ని కొట్టివేయలేదు. ఆయన కంటికి అందులో దాచవలసినది ఏమీ కనపడలేదు కాబోలు. డబ్బు నింద మీద అంత కలవరపడిన పాదిరీకి ఈ హత్యలు వీరుడి పనిగానే తోచడం నాకు మింగుడు పడలేదు.

అయితే ఆయనను తప్పు పట్టబోయి నన్ను నేను చూసుకున్నాను. మీరు సైన్యంలో ఉన్న రోజుల్లో 56 ఏపీఓ అనే సైనిక తపాలా ముద్రతో మీ నీలం ఇన్‌లాండ్ కవరు వచ్చినప్పుడల్లా, మన మాధవరం ఇంటి అరుగు మీద అమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే చదివి వినిపించేవాడిని నేనే కదా. 1999 జూలైలో వచ్చిన ఉత్తరంలో, మడత దగ్గర, పక్క బంకరులోని కుర్రవాడి గురించి మీరు నాలుగు వరుసలు రాశారు. అవి నేను చదవలేదు. "అన్నయ్యకు చలి ఎక్కువగా ఉందట" అని నా సొంత మాట ఒకటి కలిపాను. అమ్మ చేట పక్కన పెట్టి, ఇంకా ఏం రాశాడురా అని అడిగింది. అంతే అన్నాను. ఆవిడ చివరిదాకా అదే నమ్మింది. ఆ అబ్బాయి పేరు కూడా ఇప్పుడు నాకు గుర్తు రావడం లేదు.

ఆ ఉత్తరాలు అటక మీద మీ నల్ల ట్రంకు పెట్టెలో ఉండాలి. అబ్బాయి చేత దింపించి, అన్నింటినీ ఫోటోలు తీయించి పంపండి. ఆ జూలై ఉత్తరం ముందు పంపండి.

వదిన గారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ తమ్ముడు