ఇమ్యూనిటీ పెంచితే పురుగులు పోతాయా?

సంపాదకుడు గారికి,

ఎలుకల పేగుల్లో పురుగుల మీద గత వారం మీ సైన్స్ పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఏ డాక్టరుగారో, జువాలజీ చెప్పేవారో రాస్తారులే అని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ రాయలేదు, మీరూ సవరణ వేయలేదు. తెల్లరక్తకణాలు పురుగుల్ని వేటాడి మింగేస్తాయట, కాబట్టి మనం కూడా ఇమ్యూనిటీ పెంచుకుంటే ఇక మాత్రలతో పనే ఉండదట! ఆ పక్కనే ఇమ్యూనిటీ పొడి ప్రకటన. కాకతాళీయమే అనుకుందాం. ఫొటో అయినా సరైనది వేశారా అంటే, ప్రయోగంలో వాడింది కొన్ని మిల్లీమీటర్ల సన్నటి పురుగు, మీరు వేసింది మూరెడు బద్దె పురుగు.

అసలు మింగడమేమిటండీ? బ్యాక్టీరియాను అయితే కణం మింగగలదు. తనకంటే వందల రెట్లు పొడవున్న పురుగును ఎలా మింగుతుంది? పేగు చేసేది పొమ్మనలేక పొగబెట్టడం. పేగు లోపలి పొరలో టఫ్ట్ కణాలని అక్కడక్కడా ఉంటాయి, మామూలు రోజుల్లో వెతికితే గానీ దొరకవు. వాటి పనేమిటో చాలాకాలం సరిగ్గా తెలియలేదు, 2016లో మూడు పరిశోధక బృందాలు వేర్వేరుగా తేల్చాయి. పురుగు వచ్చిందని పసిగట్టేది అవే. అవి ఇంటర్‌ల్యూకిన్-25 అనే సంకేత పదార్థం విడుదల చేస్తే ఐఎల్‌సీ-2 అనే రోగనిరోధక కణాలు మేల్కొని ఇంటర్‌ల్యూకిన్-13 అనే ఇంకో సంకేతం వదులుతాయి, దాంతో పేగు మూలకణాలు జిగురు తయారుచేసే గాబ్లెట్ కణాలనూ, మళ్లీ ఆ టఫ్ట్ కణాలనే ఇంకా ఎక్కువగానూ పుట్టించడం మొదలుపెడతాయి. జిగురు పెరుగుతుంది, నీరు ఊరుతుంది, పేగు కండరం గట్టిగా బిగుసుకుని నెడుతుంది, పట్టు దొరకని పురుగు మలంతో పాటు బయటికి పోతుంది. నిప్పోస్ట్రాంగైలస్ అనే పురుగు పిల్ల చర్మంలోంచి దూరి, ఊపిరితిత్తులకు పోయి, అక్కడి నుంచి గొంతులోకి ఎక్కి, మళ్లీ కడుపులోకి జారి పేగు చేరుతుంది. ఇంత ప్రయాణం చేసి వచ్చిన దాన్ని ఆరోగ్యమైన ఎలుక రెండు వారాల లోపే గెంటేస్తుంది. ఇంత మంచి కథ చేతిలో ఉంటే మీవాళ్లు వేటాడి మింగించారు!

ఇక ఆ ఇమ్యూనిటీ పెంచుకోవడం సంగతి. ట్రైక్యూరిస్ మ్యూరిస్ అని ఎలుకల పెద్దపేగులో ఉండే కొరడా పురుగు ఒకటుంది. మామూలు ల్యాబ్ ఎలుకకు దీని గుడ్లు వందల కొద్దీ ఒకేసారి పట్టిస్తే పురుగులన్నిటినీ వదిలించుకుంటుంది, అదే జాతి ఎలుక ఇంకోదానికి పదో ఇరవయ్యో పట్టిస్తే వదిలించుకోలేక మోస్తూ ఉంటుంది. ఆ రెండో ఎలుకకు ఇమ్యూనిటీ లేక కాదు, ఉంది, కానీ వైరస్‌ల మీద పనికొచ్చే టీహెచ్1 రకం, పురుగు మీద పనికిరానిది. కావలసింది పైన చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-13 లాంటివి వదిలే టీహెచ్2 రకం. పురుగుల్ని వదిలించుకోలేని ఎలుకల్లో టీహెచ్1 రకాన్ని నడిపే ఇంటర్‌ఫెరాన్ గామా అనే పదార్థాన్ని అడ్డుకుంటే పురుగులు పోయాయని 1990లలోనే చూపించారు. అంటే ఒక రకం ఇమ్యూనిటీని తగ్గిస్తే పురుగు పోయింది! ఇప్పుడు చెప్పండి, మీ పక్క ప్రకటనలోని పొడి ఏ రకాన్ని పెంచుతుందో.

పురుగు కూడా ఊరికే కూర్చోదు. హెలిగ్మోసోమోయిడిస్ అనే ఎలుకల పురుగు ఇమ్యూనిటీని జోకొట్టే పదార్థాలను తానే వదులుతూ కొన్ని జాతుల ఎలుకల్లో నెలల తరబడి తిష్ఠ వేస్తుంది. అంతెందుకు, 2018లో కొందరు శాస్త్రవేత్తలు ల్యాబ్ ఎలుకల్ని తీసుకెళ్లి ఆరుబయట కంచె వేసిన నేల మీద వదిలారు. ల్యాబ్‌లో కొరడా పురుగును బాగా తట్టుకున్న జాతే, బయట కొద్దికాలం గడిపేసరికి పురుగుల్ని కడుపు నిండా మోసింది. శుభ్రమైన బోనులో చూసిందాన్ని మట్టిలో తిరిగే పిల్లలకు ఒక్క వాక్యంలో అంటగట్టడానికి మీ విలేకరికి ఎంత ధైర్యం ఉండాలి?

ఈ పురుగులు ఎలుకల సరదా వ్యవహారం కూడా కాదు. మట్టి ద్వారా సోకే పేగు పురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆల్బెండజోల్ మాత్ర ఇప్పుడున్న పురుగును చంపుతుంది గానీ రేపు వచ్చేదాన్ని ఆపదు, మరుగుదొడ్లు, మంచినీళ్లు లేకపోతే కొన్ని నెలలకే మళ్లీ మొదటికి వస్తుంది. ఏ దేశంలో చూసినా అధికారులకు మాత్ర నోట్లో వేస్తూ ఫొటో దిగడం మీద ఉన్న శ్రద్ధ పైపులైను మీద ఉండదు, ఎందుకంటే పైపు భూమిలో ఉంటుంది, ఫొటోలో పడదు. అలాంటప్పుడు మాత్రలతో పని లేదని మీరు రాస్తే ఉన్న ఆ ఒక్క మాత్ర కూడా మానేసే తల్లిదండ్రులు ఉంటారు. ఆ టెన్షన్ మీకు లేదా?

ఒకప్పుడు సైన్స్ వార్త అంటే ఎవరో ఒకరు చదివి, అర్థం కాకపోతే తెలిసినవాళ్లని అడిగి రాసేవారు. ఇప్పుడు వచ్చిన ప్రెస్ నోట్‌కి హెడ్డింగ్ తగిలించి పేజీ నింపడమే. సగం పేజీ ప్రకటనలకి పోగా మిగిలిన సగంలోనూ ప్రకటన భాషే.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం అదే పేజీలో, అంతే సైజు అక్షరాల్లో వేయండి, క్లాసిఫైడ్స్ కింద మూలన కాదు. ఆ రోజుకి పొడి ప్రకటనను ఇంకో పేజీకి మార్చండి.

ఇట్లు,
విసిగిపోయిన ఒక పాఠకుడు