భోగి నాటి అరిసెలు, ఉగాదికి మా కొత్త లెక్క

మా కొట్లో పిండివంటలు కొనే అందరికీ నమస్కారమండీ.

సంక్రాంతి వెళ్లి నెల దాటింది. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది, ధైర్యం చాలక ఇన్నాళ్లు ఆగాను. ఈ పండక్కి మా వల్ల ఒక ఇంట్లో చిన్నతనం జరిగింది. ఆ ఇంటావిడ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. కానీ రావులపాలెం ఎంతనుకున్నారు? నలుగురి నోళ్లలో పడి నలభై రకాలయ్యేలోపు, జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తున్నాను.

భోగి రోజు మధ్యాహ్నం మూడింటికి ఒక పాత ఖాతా నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లు నాలుగు కిలోల అరిసెలు అప్పటికే తీసుకెళ్లారు, ఇంట్లో పద్దెనిమిది మందికి లెక్కేసుకుని. "అక్కా, మా ఆడపడుచు వాళ్లు రామన్నారు. ఇప్పుడు రెండు కార్లలో దిగారు. వాళ్ల వియ్యాలవారిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఇంకో రెండు కిలోలు ఎలాగోలా ఇప్పించు" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. లోపల గదిలో చుట్టాలున్నారేమో, మెల్లగా మాట్లాడుతోంది.

కొట్లో అరిసెలు లేవు. ఉన్నదల్లా కట్టి పెట్టిన ఒక అట్టపెట్టె. అందులో మూడు కిలోలు. అవి వేరే ఆవిడవి, మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తారు, డబ్బులు కూడా ముందే ఇచ్చేశారు. వియ్యాలవారు అన్న మాట వినగానే నాకు ఇంకేం తోచలేదు. పెట్టె విప్పి రెండు కిలోలు తీసి పంపేశాను. రాత్రికి వండి నింపేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను.

సరిపోలేదు. తడిపిండి చూస్తే కిలో కూడా లేదు. పండగని పిండిమర మూసేశారు. పాకం పట్టే ఆవిడ మధ్యాహ్నమే ఇంటికెళ్లిపోయింది, ఆవిడకీ పండగే కదా. కొంత పొడిపిండి కలిపి, పాకం నేనే పట్టాను, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని. పాకం ముదిరిపోయింది. అరిసెలు నూనెలోంచి తీస్తున్నప్పుడే చప్పుడు తెలిసిపోయింది నాకు, గట్టిపడ్డాయని. తెలిసీ కట్టాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మిగిలిన మంచి అరిసెలు పైవరసలో పేర్చి, ఇవి అడుగున పెట్టాను. పన్నెండేళ్ల వ్యాపారంలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ పెట్టె తీసుకెళ్లిన ఆవిడ ఇంట్లో ఈ ఏడు కొత్త అల్లుడు. పండగనాడు పైవరస ఇంట్లో పిల్లలు ఖాళీ చేసేశారు, అల్లుడుగారి పళ్లెంలోకి అడుగువి వచ్చాయి. "పళ్లు ఎలా ఉన్నాయో చూద్దామనుకున్నారా అత్తయ్యగారూ" అన్నాడట. ఆవిడ నవ్వుతూనే చెప్పింది నాకు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

కనుమ మర్నాడు వాళ్లింటికి వెళ్లి మూడు కిలోల డబ్బూ ఇవ్వబోయాను. తీసుకోలేదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

చాలామంది అడుగుతుంటారు, "మీరు రోజూ వండేవాళ్లే కదా, గంటలో ఒక కిలో చేసివ్వలేరా" అని. సున్నుండలైతే ఇవ్వగలను. వేయించి విసిరిన మినప్పిండి ఎప్పుడూ ఉంటుంది, బెల్లం, నెయ్యి కలిపి ఉండ చుట్టడమే. అరిసె అలా కాదు. బియ్యం ఒక రాత్రీ పగలూ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, వడకట్టి తడి ఆరకముందే మర పట్టించాలి, ఆ పిండి ఆరిపోకుండా నొక్కిపెట్టాలి. ఆ తర్వాత పాకం. నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. అంతకంటే లేతదైతే నూనెలో విడిపోతుంది, ముదిరితే మా భోగి అరిసె అవుతుంది. పూతరేకులైతే అసలు మా చేతిలో లేవు. ఆత్రేయపురం నుంచి తెచ్చి అమ్ముతాం. బోర్లించిన కుండ మీద ఒక్కో రేకూ విడిగా తీయాలి, పండగ రోజుల్లో అక్కడివాళ్లకే ఊపిరి సలపదు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. బొబ్బట్లది ఇంకో రకం కష్టం. చేసి నిలవ పెట్టుకుందామంటే రెండో రోజుకే పూర్ణం వాసన మారుతుంది.

అందుకని ఉగాది నుంచి ఇలా చేద్దామనుకుంటున్నాం. ఒకరి పేరు రాసి కట్టిన పెట్టె ఇంకొకరి కోసం విప్పం. ఎంత దగ్గరివాళ్లు అడిగినా, వియ్యాలవారొచ్చినా, నా సొంత చెల్లెలే ఫోన్ చేసినా అంతే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు గానీ, డబ్బులు కట్టి నమ్మకంగా ఇంట్లో కూర్చున్న ఆవిడ కడబంతి కాకూడదు.

అరిసెలు చేసే రోజుల్లో పాకం కలిపిన చలిమిడి రెండు కిలోలు మూతపెట్టి పక్కన ఉంచుతాం. అది ఒకటి రెండు రోజులు బాగానే ఉంటుంది, కాస్త నెయ్యి రాసి మర్దిస్తే మళ్లీ మెత్తబడుతుంది. అప్పటికప్పుడు ఒత్తి వేయించి ఇవ్వడానికి అదే దారి. మా అమ్మమ్మ ఎప్పుడూ ఇలాగే ఉంచేది, కొట్టు పెట్టాక నేనే మర్చిపోయాను. అది ముందు అడిగినవాళ్లకి ముందు. అయిపోతే లేదని చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. మినప్పిండి అరకిలో పొట్లాలు కూడా కట్టి పెడుతున్నాం, ఇంట్లోనే పది నిమిషాల్లో సున్నుండలు చుట్టుకోవచ్చు. ఫోన్‌లో అడిగేటప్పుడు దయచేసి "సున్నిపిండి" అనకండి. పోయినసారి ఒకరికి నలుగు పిండి కొనిపెట్టి పంపాం, తిట్లు తిన్నాం.

ఇప్పుడు మీకు ఒక మాట. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, తినడానికి పిండివంటలు దాదాపు ఎప్పుడూ తక్కువ పడవు. కట్టి పంపడానికే తక్కువ పడతాయి. భోజనం మీద ఒక అరిసె తిన్నవాళ్లు రెండోది సగం వదిలేస్తారు. వెళ్లేటప్పుడు కారు దగ్గర హైదరాబాదు వాళ్లకో కవరు, విశాఖ వాళ్లకో కవరు, డ్రైవరుకో కవరు మొదలవుతాయి చూడండి, డబ్బా అడుగు కనిపించేది అక్కడ. మా అరిసెలు కిలోకి పాతిక దాకా తూగుతాయి. పళ్లెంలోకి మనిషికి రెండు చాలు. కవర్లకి ఎన్ని ఇళ్లో విడిగా రాసుకోండి, ఇంటికి పది చొప్పున. మొదటి రోజే ఆ డబ్బా వేరు చేసెయ్యండి. పిలవని వాళ్లొస్తే అందులోంచి పళ్లెంలోకి తియ్యచ్చు. కవర్లో పది బదులు ఆరు పడ్డా ఎవరూ లెక్కపెట్టరు, పళ్లెం ఖాళీగా ఉంటే మాత్రం అందరికీ కనిపిస్తుంది.

మా అత్తగారింట్లో మేం ముప్పై మంది దాకా కలుస్తాం. ఆవిడ చేతిలో ఎన్ని తక్కువున్నా తక్కువైనట్టు నేనెప్పుడూ చూడలేదు. డబ్బా హాల్లోకి తీసుకురాదు, వంటింట్లోనే పళ్లేలు సర్ది పంపుతుంది. చుట్టాలు ఎక్కువయ్యారంటే అరిసె నాలుగు ముక్కలవుతుంది, పక్కన నాలుగు జంతికలు, ఒక చెక్క, చిన్న గిన్నెలో వేడి వేడి రవ్వ కేసరి చేరతాయి. వేడిది ఒకటుంటే మిగతావాటి లెక్క ఎవరికీ గుర్తుండదు. ముందు పిల్లలకి, తర్వాత కొత్తగా వచ్చినవాళ్లకి. ఇంటి కోడళ్లం ఆఖరున. ఇది నాకు అంత నచ్చదు, మొగవాళ్లు కూడా ఆఖరున తింటే బాగుంటుంది, ఈ మధ్య మా ఆయన్ని అలా అలవాటు చేస్తున్నాను. "అయిపోయాయి" అన్న మాట మాత్రం ఆవిడ నోటి వెంట రాదు. అటక మీద ఆవిడకో చిన్న డబ్బా ఉంటుందని మాకందరికీ తెలుసు. అందులో ఎన్నున్నాయో ఎవరికీ తెలీదు.

ఉగాదికి బొబ్బట్లు కావాల్సినవాళ్లు నాలుగు రోజుల ముందు చెప్పండి. పండగ ముందురోజు మధ్యాహ్నం వరకు సంఖ్య పెంచుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. ఈసారి రెండు వందల బొబ్బట్ల కంటే ఎక్కువ ఒప్పుకోవడం లేదు, పోయినేడు మూడు వందల యాభై ఒప్పుకుని తెల్లవారుజాము దాకా పెనం దగ్గర నిలబడ్డాం. ధర పెంచలేదు. నెయ్యి ఇలాగే పెరిగితే వచ్చే సంక్రాంతికి ఏం చెప్తానో తెలీదు.

ఆ రెండు వందల్లో పాతిక అప్పుడే రాసేసుకున్నాను. కనుమ మర్నాడు డబ్బులు తీసుకోని ఆవిడవి. "డబ్బులొద్దు గానీ, ఉగాదికి అల్లుడు మళ్లీ వస్తున్నాడు. బొబ్బట్లు నువ్వే పంపు" అంది. పాకం పట్టే ఆవిడకి అప్పుడే చెప్పి ఉంచాను, ఆ రోజు సెలవు లేదని. అదే రోజుకి తనింటికీ ఒక పది ఇవ్వాలట, ఒప్పుకున్నాను. మిగిలినవి నూట అరవై ఐదు.