సోమ, బుధ, శుక్రవారాల్లో నాకు తోడున్న వాళ్లకు

అందరికీ నమస్కారం. ఈమధ్య చేయించిన ఎంఆర్ఐలో కొత్త మచ్చలేవీ లేవని హైదరాబాద్‌లో మా న్యూరాలజీ డాక్టరు గారు చెప్పారు. ఆ మాట విని బయటకు వచ్చాక ఆస్పత్రి బెంచీ మీద కూర్చుంటే ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పుకున్నా, నలుగురిలోనూ చెప్పాలనిపించింది. అందుకే ఈ పోస్టు.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. అందరూ ఎమ్మెస్ అంటారు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొరను దెబ్బతీసే జబ్బు ఇది. నాకు కుడికన్ను మసకబారడంతో మొదలైంది. స్టెరాయిడ్ ఎక్కించాక చూపు తిరిగి వచ్చింది. మళ్లీ మళ్లీ రాకుండా ఉండటానికి గ్లాటిరమర్ అనే ఇంజెక్షన్ రాశారు. 40 మిల్లీగ్రాములు, వారానికి మూడుసార్లు, చర్మం కిందకి, ఎవరికి వాళ్లే వేసుకోవాలి. రెండు డోసుల మధ్య కనీసం 48 గంటలు ఉండాలి కాబట్టి సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకున్నాను. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన మందు ఇది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా తయారు చేస్తుంది. వాళ్లు మైలాన్ అనే కంపెనీతో కలిసి చేసిన జెనరిక్‌కు 2017 అక్టోబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

మొదటి ధన్యవాదాలు నాకు సూది పట్టుకోవడం నేర్పిన సిస్టర్‌కి. ఆవిడ తొందరపెట్టలేదు. సిరంజిలో కనిపించే చిన్న గాలి బుడగను బయటకు నెట్టొద్దని, నెడితే మందు పోతుందని చెప్పి, నా వేలు పిస్టన్ మీద ఎక్కడ ఉండాలో తన వేలితో పెట్టి చూపించారు. నా చేత ఉత్త సిరంజితో ఎన్నిసార్లు చేయించారో. వార్డులో అంత పని ఉండగా ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వాడిన సూదులు మామూలు చెత్తలో వేస్తే చెత్తబండి వాళ్ల చేతులకు గుచ్చుకుంటాయి, మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి నాకు తెచ్చివ్వండి అన్నారు. ఇప్పటికీ ఆ డబ్బాలు ఆవిడే తీసుకుంటారు.

ఇంట్లో మా అత్తయ్య. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేసుకుంటే మంట ఎక్కువ. ఇరవై నిమిషాలు బయట ఉంచాలి. రాత్రి ఎనిమిదింటికి సీరియల్ మొదలవగానే అత్తయ్య సిరంజి తీసి, పిల్లలకు అందకుండా బీరువా మీద స్టీలు పళ్లెంలో పెడతారు. సీరియల్ అయ్యేసరికి మందు చల్లదనం పోతుంది. ఎవరూ చెప్పకుండానే ఆవిడ కనిపెట్టిన పద్ధతి ఇది. సూది గుచ్చిన చోట కందిరీగ కుట్టినట్టు ఉంటుందని ఒకసారి అన్నాను. అప్పటి నుంచి సూది తీసేసరికి గుడ్డలో చుట్టిన ఐసుముక్క రెడీగా పట్టుకుని ఉంటారు.

మా ఖమ్మం ఎండలు తెలిసిందే కదా. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు కూడా. మా మెడికల్ షాపు అన్నయ్య హైదరాబాద్ నుంచి థర్మాకోల్ డబ్బాలో తెప్పించి, ఐస్ ప్యాకులకు నేరుగా ఆనకుండా మందు పెట్టెకు పేపర్లు చుట్టారా లేదా అని విప్పి చూసి గానీ నాకు ఇవ్వరు. మే నెలలో ఒకసారి సరుకు రాత్రి పొద్దుపోయి వస్తే, పొద్దున దాకా ఆగకుండా బండి మీద తెచ్చిచ్చి వెళ్లారు. మంచినీళ్లు కూడా తాగలేదు. అన్నయ్యా, ఆ రోజు సరిగా థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక అసలు విషయం. మందు మొదలుపెట్టి చాలా నెలలైంది. అప్పటిదాకా గుచ్చిన చోట ఎర్రబడటం, గట్టిపడటం తప్ప పెద్ద ఇబ్బంది లేదు. ఒక బుధవారం రాత్రి సూది తీసి దూది అద్దుతుండగా ముఖమంతా భగ్గుమంది. ఛాతీ బిగుసుకుపోయింది. గుండె దడదడ, ఊపిరి అందడం లేదు. నాకిక అయిపోయిందనే అనుకున్నాను.

మా ఆయన కేక విని పక్కింటి పిన్నిగారు వచ్చారు. రిటైరైన ఏఎన్ఎం ఆవిడ. "ఏం కాదులే" అనలేదు, కంగారూ పడలేదు. పెదవులు వాచాయా అని చూశారు, నాలుక చాపమన్నారు, పొట్ట మీద, వీపు మీద దద్దుర్లు ఉన్నాయేమో చూశారు. నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తూనే మా ఆయనతో, "కారు తియ్యి బాబూ. తగ్గితే తగ్గుద్ది, తగ్గకపోతే దారిలో ఉంటాం" అన్నారు. కారులో నా చెయ్యి వదల్లేదు. ఆస్పత్రికి చేరేలోపే ఛాతీ బిగుపు సడలింది. ఇరవై నిమిషాలైందమ్మా అని ఆవిడే చెప్పారు.

అంతకుముందు వేరే చోట వేరే ఇబ్బందికి వెళ్తే, టెన్షన్ తగ్గించుకోండమ్మా అని పంపేశారు. ఈసారీ అదే మాట వింటాననుకున్నాను. కానీ ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గారు ఈసీజీ తీయించి, నార్మల్‌గా ఉందని చెప్పి ఊరుకోలేదు. మందు పెట్టె ఉందా అని అడిగారు. పెట్టెలోని కాగితాన్ని మడతలు విప్పి, నా మంచం పక్కనే నిలబడి, ఆ చీమల్లాంటి అక్షరాలన్నీ చదివారు. తర్వాత మా న్యూరాలజీ డాక్టరు గారికి ఫోన్ చేసి మాట్లాడి, "ఇది ఈ మందుకు రాసి ఉన్న రియాక్షనే అండీ. మీ భయం వల్ల వచ్చింది కాదు" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు కన్నీళ్లు ఆగలేదు. డాక్టరు గారూ, మీరెక్కడున్నా చల్లగా ఉండాలి.

నాలాంటి వాళ్లకు పనికొస్తుందని ఆయన చెప్పింది కూడా రాస్తున్నాను. రోజూ వేసుకునే 20 మిల్లీగ్రాముల మోతాదు ప్రయోగాల్లో నూటికి 16 మందికి, వారానికి మూడుసార్లు వేసుకునే 40 మిల్లీగ్రాముల ప్రయోగంలో నూటికి ఇద్దరికి ఇలా వచ్చింది. మామూలుగా మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు వస్తుంది, దానంతట అదే తగ్గిపోతుంది. ఒకసారి వచ్చి ఆగొచ్చు, మళ్లీ రావచ్చు. ఎప్పుడొస్తుందో ముందు చెప్పలేరు. అయితే చాలా అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ కూడా ఇలాగే మొదలవుతుంది. మొదటి డోసుకు రావచ్చు, ఏళ్లు గడిచాకా రావచ్చు. అందుకే 2025 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు మీద తన అతి గట్టి హెచ్చరికను పెట్టింది. ముఖం, గొంతు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఇబ్బంది తగ్గకుండా పెరుగుతున్నా ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పిన్నిగారు ఆ రాత్రి నా నాలుక, పెదవులు ఎందుకు చూశారో నాకు అప్పుడు అర్థమైంది.

డాక్టరు గారు మందు కొనసాగించమనే చెప్పారు. కానీ తర్వాతి శుక్రవారం సూది చేతిలోకి తీసుకుంటే చెయ్యి వణుకు ఆగడం లేదు. అప్పుడు నాకు తోడున్నది మా అక్క. తోడబుట్టిన అక్క కాదు, మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ల ద్వారా పరిచయమైన మనిషి. నాకంటే చాలా ముందు నుంచి ఈ జబ్బుతో ఉంది. మొదటిసారి కలిసినప్పుడే చీర కొంగు పక్కకు తీసి, జబ్బ మీద రెండుచోట్ల గుంటలు చూపించింది. ఒకే చోట పదేపదే గుచ్చితే చర్మం కింది కొవ్వు కరిగి ఇలా అయిపోతుంది, మళ్లీ పూడదు, నువ్వు మాత్రం చోటు మార్చుకుంటూ ఉండు అని గట్టిగా చెప్పింది. పొట్ట, రెండు తొడలు, రెండు జబ్బలు, రెండు పిరుదుల పైభాగం, మొత్తం ఏడు చోట్లతో క్యాలెండర్ మీద చార్టు కూడా తనే గీసిచ్చింది.

ఆ శుక్రవారం సరిగ్గా సూది వేసుకునే టైముకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టమంది. ఆ ఏడాది ఆవకాయకు కాయ ఎక్కడ తెచ్చిందీ, ముక్కలు కొట్టించడానికి ఎంతసేపు లైన్లో నిలబడిందీ అన్నీ చెప్పుకొచ్చింది. అరగంట దాటాక, "ఏమన్నా వచ్చిందా? రాలేదు కదా, ఇక పడుకో" అని పెట్టేసింది. సోమవారం మళ్లీ చేసింది. బుధవారం మళ్లీ. నాకు ధైర్యం వచ్చిందని నేనే చెప్పేదాకా మానలేదు. తనకూ నీరసం, తనకూ కాళ్ల తిమ్మిర్లు ఉన్నాయి. అయినా చేసింది. అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోను?

మా స్కూల్లో హెడ్మాస్టర్ గారికి, తోటి టీచర్లకు కూడా. వేడెక్కితే ఎమ్మెస్ ఉన్నవాళ్లకు పాత లక్షణాలు కాసేపు తిరగబెడతాయి. నాకైతే కన్ను మసకబారుతుంది. అడగకుండానే నా క్లాసులన్నీ కింది అంతస్తుకు మార్చారు. మా ఆయన గురించి ఇక్కడ రాస్తే సిగ్గుపడతారు. నా చెయ్యి అందని చోట సూది వేసేది ఆయనే అని మాత్రం రాసి ఆపేస్తాను.

ఆ రియాక్షన్ తర్వాత మరోసారి వచ్చింది. కాసేపే ఉండి తగ్గిపోయింది. ఆ రోజూ పిన్నిగారు గోడ గడియారం చూస్తూ నా పక్కనే ఉన్నారు.

మీలో ఎవరైనా, మీ ఇళ్లలో ఎవరైనా ఈ ఇంజెక్షన్ కొత్తగా మొదలుపెడుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. ఏడు చోట్ల చార్టు ఫోటో పంపిస్తాను. మందు సంగతి మీ డాక్టరు గారినే అడగాలి. మొదటి రోజు రాత్రి భయమేస్తే మాత్రం ఏ టైముకు సూది వేసుకుంటారో చెప్పండి, ఫోన్ నేను చేస్తాను.