బిట్రగుంటలో దిగకుండా ఉండిపోయిన పెద్దాయనకు

పోయిన గురువారం సాయంత్రం నెల్లూరులో ఒంగోలు రైలెక్కాం. తెల్లారితే మా అమ్మాయికి కాలేజీలో సెమినార్. 1863లో మొదలైన లండన్ భూగర్భ రైల్వేలో పాతకాలం సిగ్నళ్ల గురించి చెప్పాలి. ఒక ఫొటోలో పట్టాల పక్కన చిన్న ఇనుప చెయ్యి ఉంది. అదెందుకో అంతుపట్టక, టెన్షన్‌తో పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏదీ, ఇలా చూపించు తల్లీ" అన్నారు ఎదురు సీట్లోని పెద్దాయన. రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారట. ఫొటోను చాలాసేపు చూశారు. తర్వాత తన గొడుగును నిలబెట్టి, కళ్లజోడు డబ్బాను రైలులా జరుపుతూ, డబ్బా కిందికి చాచిన వేలిని గొడుగు కొనకు తగిలించారు. ఎర్ర సిగ్నల్ ఉంటే ఆ చెయ్యి లేచి ఉంటుంది. రైలు దాటిందా, కిందున్న మీటకు తగిలి బ్రేకులు వాటంతటవే పడతాయి. పచ్చ పడితే గాలి ఒత్తిడితో కిందికి వాలుతుంది. "గాలి పోయిందనుకో, స్ప్రింగు దాన్ని పైకే లేపుతుంది. చెడిపోయినా రైలును ఆపే తీరుతుందమ్మా!"

బిట్రగుంట వచ్చింది. ఆయన దిగాల్సింది అక్కడే. "పాప ఒకసారి తిరిగి చెప్పనీ" అంటూ కదల్లేదు. అంతా విని, తలూపి, కావలిలో దిగి వెనక్కి బస్సెక్కడానికి వెళ్లారు. ఆ హడావుడిలో పేరైనా అడగలేదు.

అయ్యా, సెమినార్ చాలా బాగా జరిగింది. మీ గొడుగు బొమ్మే బోర్డు మీద గీసిందట. మా ఇంటిల్లిపాదీ మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం.